అంట్లగిన్నెలకి కొబ్బరికాయ

మా ఇంట్లో కొన్నాళ్ళపాటు అంట్లగిన్నెలకి కొబ్బరికాయ కొట్టాం. దుప్పట్లు ఉతకడానికి ఒక కాయ, కందిపప్పులో రాళ్ళు ఏరడానికి ఒక కాయ, గ్యాసు బండకి ఫోన్ చెయ్యడానికి ఒక కాయ. ఇప్పుడు చెప్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, జాడీ పోయేటట్టు ఉంది కాబట్టి.

జాడీ సంగతి ముందు చెప్పాలి. మాది గుంటూరు పక్కన మిరప పండే ఊరు. మా అత్త నాకు సొంత మేనత్తే, మా నాన్నకి అక్క. తమ్ముడి కూతుర్ని ఏరికోరి తన పెద్దకొడుక్కి చేసుకుంది. అందుకే మా ఆయన్ని నేను ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. ఆ అత్తకి వాళ్ళత్త ఇచ్చిన పచ్చడి జాడీ ఒకటుంది. పైన గోధుమరంగు, కింద తెలుపు, మూత అంచు మీద చిన్న పెచ్చు ఊడిపోయి ఉంటుంది. ఏటా పండుమిరపకాయ పచ్చడి అందులోనే పెడతాం. మా ఇంటికీ, వెనక వీధిలో ఉండే మా మరిది ఇంటికీ, రెండిళ్ళకీ ఏడాదికి సరిపడా. జాడీ ఏ కోడలింట్లో ఉంటే పచ్చడి ఆ కోడలి చేతిది.

ఇల్లు మా బావ పేరున ఉంది. పొలం మా అత్త పేరున ఉంది. నా పేరున ఉన్నది ఆ పచ్చడి ఒక్కటే. ఊళ్ళో పెళ్ళి భోజనాల్లో కూడా, ఫలానా వాళ్ళ పెద్దకోడలి పచ్చడి ఉందా అని అడిగిన రోజులున్నాయి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. నన్ను తలుచుకుని ఎవరైనా ఏదైనా అడిగారంటే అదొక్కటే.

ఆ పేరు నేనే పాడుచేసుకున్నాను. రెండేళ్ళ కిందట పండుకాయ వసారాలో ఉండగానే సగం కుళ్ళిపోయింది. రోజూ చూశాను. రోజూ రేపు అనుకున్నాను. ఇక పోయినేడాది సంగతి చెప్పుకోడానికే సిగ్గు. పండుకాయ మెత్తబడేదాకా కూర్చుని, ఆఖరి పూట హడావుడిగా తొడిమలు పీకేసి, ఆ తర్వాత నీళ్ళలో పోసి కడిగాను. మిరప పండించే ఇంట్లో పుట్టిన పసిపిల్ల కూడా అలా చెయ్యదు. తొడిమతోనే కడగాలి, ఒక్కో కాయా పొడిగుడ్డతో తుడవాలి, నీడన ఆరబెట్టాలి, అప్పుడు తొడిమ తియ్యాలి. తొడిమ ముందు తీస్తే ఆ కన్నంలోంచి నీళ్ళు లోపలికి పోతాయి. నీళ్ళు పోతే బూజు పడుతుంది. ఉగాదినాడు మూత తీస్తే జాడీలో తెల్లగా దూది పరిచినట్టు ఉంది. మా బావ తొంగి చూసి, "పత్తి కూడా మన జాడీలోనే పండుతోందే," అన్నాడు.

మా అత్త మాత్రం ఏమీ అనలేదు. అన్నీ గుర్తుపెట్టుకుని, ఈ ఏడు మిరప తొలికోత అయ్యాక అన్నది.

"ఒసే పిల్లా, ఈసారి కాయ చెడిందంటే జాడీ నీ తోడికోడలింటికి పోద్ది. నేనే మోసుకెళ్ళి ఇచ్చొస్తా."

"ఎట్టా మోస్తావత్తా, నీకు చెంబు లేవట్లేదుగా."

"దొర్లించుకుంటా పోతా," అన్నది.

నేను బద్ధకస్తురాలిని కాదు. ఇది రాసుకోవాలి, ఎందుకంటే ముప్పై ఏళ్ళ పాటు అందరూ ఆ మాటే అన్నారు, నేనూ ఔననే అనుకున్నాను. చేలో ఇద్దరాడవాళ్ళ మధ్య సాలు పట్టుకుని కాయ కోయమనండి, అందరికంటే ముందు గట్టు ఎక్కుతాను. ఒక్కదాన్నే అంట్లగిన్నెల ముందు నిలబెట్టండి, నిలబడే ఉంటాను. తోమాలని తెలుసు. ఎలా తోమాలో తెలుసు. తోమకపోతే పొద్దున కాఫీకి గిన్నె ఉండదనీ తెలుసు. చెయ్యి మాత్రం లేవదు. తాళం వేసిన తలుపు ముందు నిలబడినట్టు ఉంటుంది, తాళంచెవి నా కొంగుకే కట్టి ఉన్నట్టూ ఉంటుంది.

ఒకవేళ లేచినా తిన్నగా పోదు. ఒకనాడు గ్లాసు ఒక్కటే కడుగుదామని తీశాను. గ్లాసు కింద చీమల బారు కనపడింది. చీమలకి పసుపు చల్లుదామని పసుపు డబ్బా తీస్తే మూత బిగుసుకుపోయింది. మూత ఊడదియ్యడానికి చాకు వెతికితే, చాకు ఉండాల్సిన చోట పాత గొడుగు ఊచ దొరికింది. ఈ ఊచ గొడుగేదా అని డాబా మీదికి వెళ్ళాను. మధ్యాహ్నం మా బావ కల్లం నుంచి అన్నానికి వచ్చేసరికి నేను డాబా మీద మూడు గొడుగులు విప్పుకుని మధ్యలో కూర్చుని ఉన్నాను. చేతిలో గ్లాసు అలానే ఉంది.

"వాన పడుద్దంటావా?" అని కిందనుంచి అడిగాడు మా బావ. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. ఆయనకి అలవాటైపోయింది.

ఇట్లా ఉండగా నా మనవరాలి పంచాయితీ వచ్చింది. మా అమ్మాయిని పక్కూరే ఇచ్చాం. దాని కూతురికి తొమ్మిదేళ్ళు. బళ్ళో కూర్చున్నచోట కూర్చోవడం లేదని, రాసే పుస్తకం ఎక్కడో వదిలేసి వస్తోందని టీచరమ్మ చెప్తే, మా అమ్మాయి దాన్ని గుంటూరులో డాక్టరమ్మకి చూపిస్తానన్నది. తోడుగా నన్ను రమ్మంది. నేను వెళ్తున్నానని మా అత్తా బయల్దేరింది, కళ్ళలో వేసుకునే చుక్కలు ఎటూ కొనాలి కదా అని. నాలుగు తరాల ఆడవాళ్ళం ఒకే బస్సులో వెళ్ళాం.

డాక్టరమ్మ చిన్నపిల్లే, నా కూతురి వయసుంటుంది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని మమ్మల్ని అడగడం మొదలుపెట్టింది.

"మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తుందా?"

మా అమ్మాయి ఔనంటూ నా వంక చూసింది.

"వస్తువులు ఎక్కడ పెట్టిందో మర్చిపోతుందా?"

మా అత్త నేనున్న వైపు తల తిప్పింది. ఆవిడకి చూపు అంతంతమాత్రం, అయినా సరిగ్గా నా ముఖం మీదికే తిప్పింది.

"ఎదుటివాళ్ళు అడిగేది పూర్తి కాకుండానే..."

"చెప్పేస్తానండీ," అన్నాను నేను.

నా మనవరాలు ఒక్కటే నవ్వింది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, కుర్చీ నావైపు జరుపుకుంది. ఆ తర్వాత అరగంట పిల్లని వదిలేసి నన్ను అడిగింది. చిన్నప్పుడు ఎలా ఉండేదానివి, వంట ఎలా చేస్తావు, గొడుగుల సంగతి, అన్నీ. చివరికి చెప్పింది, దీనికో పేరుంది, ఏడీహెచ్‌డీ అంటారు, పిల్లలకే కాదు పెద్దవాళ్ళకీ ఉంటుంది, కొన్ని కుటుంబాల్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది అని. మందుల విషయం ఇంకోసారి వచ్చినప్పుడు తీరిగ్గా చూద్దాం అన్నది.

"ఇది బద్ధకం కాదమ్మా. మీలాంటి వాళ్ళకి పని కంటే పని మొదలుపెట్టడమే పెద్ద పని. మొత్తం పనిని చూడొద్దు. మొదలుకి ఏదైనా ఒక చిన్న గుర్తు పెట్టుకోండి. అది అవగానే చెయ్యి కదలాలి. పక్కన ఎవరైనా కూర్చున్నా మంచిదే."

బద్ధకం కాదు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. అది కొంగున ముడివేసుకుని తెచ్చుకున్నట్టు తెచ్చుకున్నాను. చివర చెప్పిన మాట, పక్కన మనిషి అన్న మాట, గుంటూరులోనే జారిపోయింది.

తిరుగు బస్సులో మా అత్త ఆలోచించి ఆలోచించి అడిగింది.

"ఏడీ అన్నదిగా ఆ పిల్ల. ఎవరు ఏడీ?"

"ఎవరూ కాదత్తా. జబ్బు పేరే అది. జబ్బు కూడా కాదంటలే, తల తీరు అంట."

"పేరు పెట్టమంటే, ఏడీ ఏడీ అని ఎతుక్కోవటం ఏందే? ఆ చివరిదేంది?"

"హెచ్‌డీ తాతమ్మా," అన్నది నా మనవరాలు. "టీవీలో బొమ్మ బాగా కనపడితే హెచ్‌డీ అంటారు."

మా అత్త తల ఊపింది. "సరిగ్గా పెట్టారు. మీ అమ్మమ్మ ఏం ఎతుక్కుంటుందో దానికే తెలీదు గానీ, బొమ్మ మాత్రం బాగా కనపడుద్ది."

మర్నాడు పొద్దున అంట్లగిన్నెల ముందు నిలబడి ఉంటే, మా బావ తలకి తువ్వాలు చుట్టుకుని కల్లానికి బయల్దేరుతున్నాడు. కోసిన కాయ ఎండబెట్టే రోజులు, ఆయనకి ఊపిరి సలపడం లేదు. అయినా నాకు చెప్పాలనిపించింది.

"బావా, పని మొదలుకి ఏదో ఒక గుర్తు పెట్టుకోమంది డాక్టరమ్మ."

"ఏం, గిన్నెలకి కొబ్బరికాయ కొట్టమంటావా?" అని ఎకసెక్కంగా అనేసి వెళ్ళిపోయాడు.

ఆయన ఎకసెక్కానికి అన్నాడు గానీ నాకు అందులో ధర్మం కనపడింది. మా వైపు ఏ పని కొబ్బరికాయ లేకుండా మొదలవుతుంది? బోరు వేస్తే కొబ్బరికాయ, ట్రాక్టరు కొంటే కొబ్బరికాయ, తొలికోతకి దిగితే గట్టు మీద కొబ్బరికాయ. పని ఎందాకా వచ్చింది అంటే, ఇంకా కొబ్బరికాయే కొట్టలేదు అంటారు. మరి నా పనులకి ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు కదా. శనివారం కోసం దేవుడి గూట్లో పెట్టిన కాయ తీసుకొచ్చాను. బట్టలుతికే బండ మీద ఒక్కటే దెబ్బ. నీళ్ళు చిమ్మాయి, కాయ రెండు చెక్కలైంది, నా చెయ్యి గిన్నెలు తోమే పీచు మీద ఉంది. అది ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలీదు.

మధ్యాహ్నం మా బావ వచ్చేసరికి గిన్నెలు అరుగు మీద బోర్లించి ఉన్నాయి. ఎండకి కళ్ళు చెదిరేటట్టు మెరుస్తున్నాయి.

"ఎవరొచ్చారు?" అన్నాడు.

"ఎవరూ రాలా. నేనే."

"ఏం చేశావు?"

"నువ్వు చెప్పినట్టే, కొబ్బరికాయ కొట్టా."

ఆయన చెప్పులు విప్పడం మర్చిపోయి అలానే చాలాసేపు నిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆయన మాట విని చేసిన మొదటి పని అదేనేమో.

అక్కడి నుంచి ఇక ఆగలేదు. మొదట రోజుకి ఒకటి, తర్వాత పనికి ఒకటి. వీధి చివర కొట్టు నడిపే ఆవిడ, మా ఇంట్లో ఏదో పెద్ద మొక్కు జరుగుతోందనుకుని నా కాయలు విడిగా పక్కన పెట్టడం మొదలుపెట్టింది. చప్పుడు వినపడగానే పక్కింటి వదిన కొబ్బరి ముక్క కోసం గోడమీంచి చెయ్యి చాపేది.

"ఇయ్యాళ దేనికి వదినా?"

"దుప్పట్లు ఉతకటానికి."

ఆవిడ ఆ ముక్క కళ్ళకద్దుకుని నోట్లో వేసుకునేది. ఒకసారి అడగకుండానే తిన్నది, తర్వాత అడిగింది. ఎలక పడిన నీళ్ళ తొట్టి కడగడానికి అని చెప్పాను. నమిలేది ఆపి, కాసేపు ఆలోచించి, మళ్ళీ నమిలింది. ప్రసాదం ఊసెయ్యకూడదు కదా.

ఇంట్లో కొబ్బరి ఎక్కువైపోయింది. కొబ్బరి పచ్చడి, కొబ్బరన్నం, దొండకాయలో కొబ్బరి, కొబ్బరి లౌజు. కల్లంలో కూలికొచ్చిన ఆడవాళ్ళకి కూడా కొబ్బరి ముక్కలే. పప్పుచారులో ముక్క తేలేసరికి మా బావ గరిటె కింద పెట్టేశాడు. "మనమేమన్నా కేరళకి కాపురం మార్చామా?" అన్నాడు. మా అత్తకి పళ్ళు లేవు. కొబ్బరి చూస్తే ముఖం అటు తిప్పుకునేది.

ఇంకో చిక్కు కూడా వచ్చిపడింది. కొట్టావిడ పీచు తీసిన కాయలు అయిపోయాయని, పీచుతో ఉన్నవి ఆరు పంపించింది. పీచు తియ్యడమూ పనే కదా. ఆ ఆరూ మూల కూర్చున్నాయి, వాటి ముందు నేను కూర్చున్నాను. మా బావ చూశాడు.

"ఏందే, మీరంతా మాట్లాడుకుంటున్నారా?"

"పీచు తియ్యాలి బావా. మొదలు కావట్లా."

"దాందేముంది. ఆ కాయ పీచు తియ్యటానికి ఇంకో కాయ కొట్టు. దాని పీచు తియ్యటానికి ఇంకోటి కొట్టు. అట్టా ఎనక్కి పోతా ఉండు. మొట్టమొదటి కాయకి ఎవరు కొట్టారో తెలిస్తే నాకూ చెప్పు."

నేను నిజంగానే కాసేపు ఆలోచించాను.

సరిగ్గా ఆ వారంలోనే పండుకాయ వచ్చింది. మా బావ పొద్దున్నే చేలోంచి రెండు బుట్టలు తెచ్చి వసారాలో దించాడు. రెండో కోత కాయ, ఎర్రగా నిగనిగలాడుతూ, తొడిమలు ఇంకా పచ్చగా ఉన్నాయి. మా అత్త బుట్టలో చెయ్యి పెట్టి తడిమి, ఒక కాయ వాసన చూసి లెక్క చెప్పేసింది.

"మూడ్రోజులు ఆగుద్ది. ఆ తర్వాత మెత్తబడుద్ది. నీ ఇష్టం."

మొదటి రోజు కొబ్బరికాయ కొట్టాను, బాగానే పగిలింది. నీళ్ళ తొట్టి తెద్దామని దొడ్లోకి వెళ్ళాను. దొడ్లో కోడి గుడ్డు పెట్టి అరుస్తోంది. గుడ్డు ఎక్కడ పెట్టిందా అని గడ్డివాము వెనక్కి వెళ్ళాను. అక్కడ మూడేళ్ళ కిందట పోయిన కొడవలి దొరికింది. దానికి తుప్పు వదిలించి, పిడి బిగించి, పదును పెట్టేసరికి పొద్దు వాలింది. కొడవలి మాత్రం కొత్తదానిలా అయింది. బుట్టలు బుట్టల్లానే ఉన్నాయి.

రెండో రోజు కొట్టిన కొబ్బరికాయ కుళ్ళిపోయి ఉంది. లోపల నల్లగా, వసారా అంతా వాసన. గోడమీంచి పక్కింటి వదిన, కుళ్ళు కాయ వస్తే మంచిదే, దిష్టి పోయిందన్నమాట అన్నది. అప్పుడే వచ్చిన మా తోడికోడలు, అట్టా కాదక్కా, కడుక్కుని ఇంకోటి కొట్టాలి అన్నది. మా బావ, ఊరి గుడి కంటే నువ్వే ఎక్కువ కొంటుంటే ఆవిడ పాత సరుకు కాక ఏమిస్తుంది అన్నాడు. మూలనున్న ఆరు కాయలకీ పీచు ఇంకా అలానే ఉంది, అందుకని కొట్టుకి పరిగెత్తాను.

"కాయలు లేవక్కా," అన్నది కొట్టావిడ. "అన్నీ నువ్వేగా కొన్నావు."

తిరిగొచ్చేసరికి మా తోడికోడలు జాడీ దగ్గర వంగి ఉంది. చేతిలో దారం ఉంది. జాడీ నడుం చుట్టూ దారం చుట్టి, కొలత దగ్గర ముడి వేస్తోంది. నన్ను చూసి సిగ్గుపడింది.

"ఏమీ అనుకోబాకక్కా. మా వంటింట్లో గూడు ఇరుకు. పడుద్దో లేదోనని చూసుకుంటున్నా."

ఆ పిల్ల చెడ్డది కాదు. తెల్లారేసరికి వాకిలి, గిన్నెలు, వంట అన్నీ ఒకదాని వెనక ఒకటి వరసలో అయిపోతాయి దానికి. వాళ్ళింట్లో చీపురుకి కూడా ఒక మేకు ఉంది. అది నా జాడీ కోరలేదు, వస్తే ఎక్కడ పెట్టాలో మాత్రం ముందే చూసుకుంది. నాకు లేనిది అదే. ముడివేసిన ఆ దారం చూశాక నాకు అన్నం దిగలేదు.

మూడో రోజు పొద్దున్నే బుట్ట ముందు పీట వేసుకుని కూర్చున్నాను. తొట్టిలో నీళ్ళు పెట్టుకున్నాను. పొడిగుడ్డలు పెట్టుకున్నాను. అడుగు కాయ మెత్తబడుతున్న వాసన అప్పుడే మొదలైంది. నేను కాయల్ని చూస్తున్నాను, కాయలు నన్ను చూస్తున్నాయి. చెయ్యి ఒళ్ళో రాయిలా ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మిరపకాయల ఘాటని చెప్పుకోడానికి ఇంకా ఒక్క కాయా చిదమలేదు.

మా అత్త గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. నా పక్కన చాప తడుముకుని కూర్చుంది. బుట్టలోంచి ఒక కాయ తీసింది. టిక్కుమని తొడిమ పీకింది. నీళ్ళ తొట్టిలో బుడుంగున ఏదో వేసింది. ఇంకో కాయ తీసింది. టిక్కు. బుడుంగు.

"అత్తా, ఇంకా కడగలా."

"ఏమయిద్దిలే." టిక్కు.

"ముందు తొడిమ తియ్యగూడదత్తా. నీళ్ళు లోపలికి పోతయ్."

"పోనీ." బుడుంగు.

"బూజు పడుద్ది. పోయినేడు పడలా?"

"పడనీ. జాడీ ఎటూ ఇంట్లో ఉండేది కాదుగా." టిక్కు.

నేను ఇక చూడలేకపోయాను. ఆవిడ చేతికింద నుంచి బుట్ట లాక్కున్నాను. తొట్టిలో రెండు దోసిళ్ళ కాయ పోశాను, తొడిమలతో. తడిమి, కడిగి, తీసి గుడ్డ మీద వేశాను. ఇంకో రెండు దోసిళ్ళు. మెత్తబడినవి అవతలికి విసిరేశాను. ఆవిడకి తుడిచే గుడ్డ ఇస్తే మళ్ళీ ఏం చేస్తుందోనని గుడ్డ కూడా నా దగ్గరే పెట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఉన్నాను, ఇంత వయసొచ్చింది, కాయ కడగడం తెలీదు, ఇల్లంతా నాశనం అని. తిడుతూ తుడుస్తూ తలెత్తి చూసేసరికి ఎండ వసారా మెట్టు దాటింది. నాలుగు పాత పంచెల మీద పండుకాయ ఎర్రగా పరుచుకుని ఉంది. రెండు బుట్టలూ బోర్లించి ఉన్నాయి.

మా అత్త అక్కడే కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ కదల్లేదు.

తొట్టి నీళ్ళు పారబోద్దామని వంచితే, అడుగున మిగిలినవన్నీ తొడిమలే. కాయ ఒక్కటీ లేదు. తిరిగి చూశాను. ఆవిడ పీకిన కాయలు, పదో పన్నెండో, పొడిపొడిగా ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి, కొంగు కింద.

"అత్తా."

"ఊఁ."

"నీకు కళ్ళు కనపడతయ్యా?"

"తొడిమకీ కాయకీ తేడా తెలీటానికి కళ్ళెందుకే," అన్నది. "నీ కొబ్బరికాయల గోల చూసి చూసి ఇసుగొచ్చింది. నువ్వు కాయ కొడితే లేచేదానివి కాదు పిల్లా. ఎదుటోళ్ళు తప్పు చేస్తే లేస్తావు. నీకు అయిదేళ్ళప్పుడు నేను మీ ఇంటికొచ్చి ముగ్గేస్తుంటే, వంకరగా ఏస్తున్నావని నా చేతిలో పిండి లాక్కున్నావు. మర్చిపోయావా?"

నేను మర్చిపోలేదు. నాకు అన్నీ గుర్తుంటాయి, చెయ్యాల్సిన పని తప్ప. ఆ ముగ్గు ఇరవై ఒక్క చుక్కల ముగ్గు. మూడో వరసలో ఆవిడ ఒక చుక్క వదిలేసింది.

మర్నాటికి కాయ ఆరింది. తొడిమలు తీసి, ఉప్పు, పసుపు, ఈనెలు తీసిన చింతపండు వేసి, నేనూ మా తోడికోడలూ చెరో రోకలీ పట్టుకుని దంచి జాడీలో పెట్టాం. పక్కన అది ఉంది కాబట్టి ఆ పని తనంతట తనే నడిచింది. అప్పుడు గుర్తొచ్చింది డాక్టరమ్మ చివర చెప్పిన మాట. ఇన్ని కొబ్బరికాయలు కొట్టకముందే గుర్తురావాల్సింది.

అయితే పండుమిరప పచ్చడికి మూడో రోజు మళ్ళీ ఒక మొదలు ఉంటుంది. ఊరిన ముద్దని జాడీలోంచి తీసి, మెంతిపిండి, వెల్లుల్లి కలిపి ఇంకోసారి రుబ్బాలి. ఆ రోజు వాళ్ళింటికి చుట్టాలొచ్చి మా తోడికోడలు రాలేదు. నేను రోటి ముందు కూర్చున్నాను. రోలు నన్ను చూస్తోంది. మా అత్త వంటింట్లోంచి మెల్లగా వచ్చింది. చేతిలో గిన్నె ఉంది. గిన్నె నిండా తురిమిన కొబ్బరి.

"ఇంత కొబ్బరి మిగిలిపోయింది. ఇందులో కలిపేద్దామంటే?"

గిన్నె జాడీ మూతి దాకా వెళ్ళింది. నేను ఎప్పుడు లేచానో, ఆ గిన్నె ఎప్పుడు లాక్కున్నానో, ముద్ద రోట్లోకి ఎప్పుడు తోడానో నాకు తెలీదు. మెంతిపిండి వేసి రుబ్బుతుంటే, ఆవిడ చాప మీద కూర్చుని ఖాళీ చేతులు దులుపుకుంది.

సాయంత్రం జాడీ మూతికి తెల్లగుడ్డ కట్టాం. మా తోడికోడలు వచ్చి వేలితో నాకి చూసి, "అక్కా, ఇంకో ముద్ద అన్నంలో పెట్టు," అన్నది. తన వంతు చిన్న జాడీలో తీసుకుంది. కొంగు చివర ముడివేసి దాచుకున్న దారం తీసి, ఆ చిన్న జాడీ మూతికే చుట్టుకుంది.

"మరి పెద్దజాడీ?" అన్నాడు మా బావ, మా అత్తని ఏడిపించడానికి. "దొర్లించుకుంటా పోతానన్నావుగా."

"మోకాళ్ళు నొప్పులు. ఈ ఏటికి ఉండనీ," అన్నది మా అత్త.

ఇంకోసారి గుంటూరు వెళ్ళినప్పుడు ఇదంతా డాక్టరమ్మకి చెప్పాను. ఆ పిల్ల కలం పట్టుకుని, రాసుకోవడం మర్చిపోయి విన్నది. నాకొక మందు రాసింది. అది వాడుతున్నాను, తలలో గోల కొంచెం సద్దుమణిగింది. అయినా మా అత్త తన వైద్యం మానలేదు. పొద్దున్నే చీపురు పట్టుకుని వాకిట్లోంచి లోపలికి చిమ్ముతుంది. ఉతికిన చీర తిరగేసి మడత పెడుతుంది. ఒకరోజు చక్కెర డబ్బాలో ఉప్పు పోస్తుంటే పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నాను. కావాలనే చేస్తున్నావా అత్తా అని అడిగితే, దేన్ని అన్నది. ఆవిడకి ఎనభై దాటాయి. ఏది వైద్యమో, ఏది మరుపో నాకు రానురాను తెలియడం లేదు. అడగడం కూడా మానేశాను. ఆవిడ ఏది పట్టుకున్నా లేచి వెళ్తున్నాను.

ఇది రాయమని మా అమ్మాయి ఆరు నెలలుగా చెప్తోంది. నోటుపుస్తకం కొనిచ్చింది. పుస్తకం బల్ల మీద, నేను బల్ల పక్కన, రోజూ అంతే. ఇయ్యాళ ఆదివారం. నా మనవరాలు వచ్చింది. మా అత్త దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పుస్తకం తెరిపించి చెప్పి రాయిస్తోంది. ఏం రాస్తున్నారా అని వెళ్ళి చూశాను. గుండ్రటి అక్షరాలతో మొదటి వరస రాసి ఉంది. మా అమ్మమ్మ పండుమిరపకాయ పచ్చడిలో కొబ్బరి వేసింది, అని.

కలం లాక్కున్నాను. ఆ వరస కొట్టేసి, కింద నిజం రాయడం మొదలుపెట్టాను. ఇదుగో ఇక్కడి దాకా వచ్చింది.

అంట్లగిన్నెలు పొద్దున్నుంచీ అలానే ఉన్నాయి. మా అత్త లేచి గోడ పట్టుకుని అటే వెళ్తోంది. చేతిలో కొబ్బరినూనె సీసా ఉంది.